వనభోజనాల్లో చెట్టు మీంచి రాలే ఎర్రచీమలు: మందు కొట్టకుండా ఆపేదెలా?

కార్తీకమాసం వనభోజనాలకు మేం వెళ్లే తోటలో ఉసిరిచెట్టు ఒక్కటే. దాని కొమ్మలు పక్కనున్న మామిడికి తగులుతున్నాయి. మామిడి మీద ఆకులు దగ్గరికి లాగి తెల్లటి పట్టుతో కుట్టినట్టుండే చీమగూళ్లు. ఎండ ముదిరాక, సరిగ్గా వడ్డించే వేళకి, ఆ ఎర్రచీమలు కొమ్మల మీదుగా ఉసిరికి దాటి పట్టా మీద, విస్తళ్లలో రాలుతున్నాయి. కరిచి, కరిచినచోటే ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతాయి, పిల్లలకు బాగా మండుతుంది.

పసుపు గీత గాలికి చెదిరిపోయింది. చీమల చాక్‌పీస్ మట్టి మీద నిలవదు, అయినా అది విషం, అన్నం పక్కన పనికిరాదు. వేపనూనెలో తడిపిన తాడు పట్టా చుట్టూ పరిస్తే నేలమీది నల్లచీమలు ఆగాయి, పైనుంచి పడేవాటికి అదేం అడ్డు? పొగ వేస్తే ఇంకా రెచ్చిపోయాయి.

గూళ్లు దులపడం, కొమ్మ కొట్టడం కుదరదు. ఈ చీమలు మామిడికి పట్టే పురుగుల్ని తింటాయని తోటవాళ్లు వాటి జోలికి పోనివ్వరు, అది న్యాయమే. ఉసిరి కింద కాకుండా వేరేచోట తినడానికి పెద్దవాళ్లు ఒప్పుకోరు.

ఇక మిగిలింది పైన దుప్పటి కట్టడం. పట్టా 12 x 9 అడుగులు, కూర్చునేది రెండు గంటలు. నేల గట్టి, గుంజలు దిగవు కాబట్టి తాళ్లు చెట్లకే కట్టాలి. అప్పుడు తాడే చీమలకు దారి అవుతుంది. ఆ రెండు గంటలూ చీమలు దాటకుండా తాడుకి ఏం పూయాలి, ఎంత మేర?