పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్‌లలో మొదట ఏది వినాలి?

గడియారం సెంటర్ (నల్లగొండ)

సభ్యులందరికీ నమస్కారం. నాది నల్లగొండ. హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ వారాంతాల్లో ఇంటికి వచ్చిపోతుంటాను. ఇళయరాజా, రెహమాన్ పాటలు వింటూ పెరిగిన నాకు రాక్ సంగీతంతో పరిచయం చాలా తక్కువ. ఈ మధ్య ఒక మిత్రుని గదిలో ‘కంఫర్టబ్లీ నమ్’ అనే పాట చివర వచ్చే గిటారు విన్నప్పటి నుంచి పింక్ ఫ్లాయిడ్ బృందాన్ని మొదటి నుంచి చివరి దాకా వినాలన్న కోరిక పట్టుకుంది.

అయితే 1967 నుంచి 2014 వరకు వారి స్టూడియో ఆల్బమ్‌లే 15 ఉన్నాయి. వరుస ప్రకారం పోదామని మొదటిదైన ‘ది పైపర్ ఎట్ ది గేట్స్ ఆఫ్ డాన్’ పెడితే, నేను విన్న ఆ గిటారుకూ దీనికీ ఏ చుట్టరికమూ కనిపించలేదు. ప్రసిద్ధమైన పాటల ప్లేలిస్టు పెడితే, సగం పాటలు ఎక్కడో మధ్యలో మొదలై మధ్యలోనే తెగిపోయినట్టు అనిపించాయి. వరుసగా వినడమే సరైన పద్ధతా, లేక ఎక్కడైనా మధ్య నుంచి అందుకోవచ్చా? నాకు తీరిక దొరికేది ఎక్కువగా ఆర్టీసీ బస్సులోనే కాబట్టి ఆ సంగతి కూడా దృష్టిలో పెట్టుకొని చెప్పగలరు.

పిల్లలమర్రి నీడ (మహబూబ్‌నగర్)

నమస్కారం. మీకు చుట్టరికం కనిపించకపోవడం సహజమే. మీరు విన్న గిటారు డేవిడ్ గిల్మోర్‌ది. ఆయన బృందంలో చేరింది 1968 ఆరంభంలో కాగా, మొదటి ఆల్బమ్ 1967లోనే వచ్చింది. అప్పుడు పాటలు రాసి, పాడి, గిటారు వాయించి బృందాన్ని నడిపినవాడు సిడ్ బ్యారెట్. మత్తుమందుల వాడకంతోనూ మానసిక ఆరోగ్యం దెబ్బతినడంతోనూ ఆయన కొద్ది నెలల్లోనే వేదిక మీద నిలబడలేని స్థితికి చేరడంతో గిల్మోర్‌ను తీసుకున్నారు, ఆ తరువాత బ్యారెట్ తప్పుకోవలసి వచ్చింది. కాబట్టి పేరు ఒకటే అయినా మీరు విన్నవి రెండు వేర్వేరు బృందాల పాటలనే అనుకోండి. బాసు గిటారు వాయిస్తూ పాటలు రాసే రోజర్ వాటర్స్ 1985లో వెళ్లిపోయిన తరువాతి ఆల్బమ్‌లను కూడా కలుపుకుంటే మూడు బృందాలని చెప్పినా తప్పు లేదు.

అందువల్ల వరుసగా వినడం మొదటిసారి వినేవారికి మంచి పద్ధతి కాదని నా అభిప్రాయం. 1968 నుంచి 1972 దాకా వారు దారి వెతుక్కుంటూ చేసిన ఆల్బమ్‌లలో మంచి ఘట్టాలు ఉన్నాయి గాని, వాటి విలువ తెలియాలంటే ఆ దారి ఎక్కడికి చేరిందో ముందే తెలిసి ఉండాలి. మీరు 1975లో వచ్చిన ‘విష్ యు వర్ హియర్’తో మొదలుపెట్టండి. దాని నిడివి ముప్పావు గంట లోపే, అందులో ఉన్నవి అయిదే అంశాలు. ‘షైన్ ఆన్ యు క్రేజీ డైమండ్’ అనే తొమ్మిది భాగాల పెద్ద రచనను రెండుగా విడదీసి ఒక సగంతో ఆల్బమ్‌ను ప్రారంభించి, మరో సగంతో ముగించారు.

ఆ మొదటి సగాన్ని తొందరపడకుండా వినండి. కీబోర్డు వాయించే రిచర్డ్ రైట్ పరిచిన పలచటి స్వరాల మీద గిటారు మెల్లగా తిరుగుతుంటుంది, తాళం ఉండదు. దాదాపు నాలుగు నిమిషాల దగ్గర అన్నీ ఆగిపోయి, గిటారు మీద నాలుగే నాలుగు స్వరాలు ఒంటరిగా మోగుతాయి. అవే మళ్లీ వస్తాయి, మళ్లీ వస్తాయి, ఆ తరువాతే డ్రమ్ములు అందుకుంటాయి. గొంతు వినబడేది ఎనిమిది నిమిషాలు దాటాక. పల్లవితో మొదలయ్యే సినిమా పాటలకు అలవాటుపడిన మన చెవికి ఇది ఓపికకు పరీక్షే, కాని మీరు ‘కంఫర్టబ్లీ నమ్’లో ఇష్టపడింది గిటారునే కాబట్టి ఆ ఎనిమిది నిమిషాలూ మీకు శ్రమ అనిపించవు.

పైగా ఆ రచన బ్యారెట్ గురించే. 1975 జూన్ 5న అబ్బే రోడ్ స్టూడియోలో దాని మిక్సింగ్ (విడివిడిగా రికార్డు చేసిన గొంతులను, వాద్యాలను కలిపి కూర్చే పని) జరుగుతుండగా తల, కనుబొమలు గొరిగించుకున్న ఒక స్థూలకాయుడు లోపలికి వచ్చాడు. అతను బ్యారెట్ అని పాత మిత్రులు చాలాసేపటి దాకా గుర్తుపట్టలేకపోయారు. ఇది తెలిశాక మీరు మొదటి ఆల్బమ్‌కు తిరిగి వెళితే అది మీకు మరో రకంగా వినబడుతుంది.

మిర్యాలగూడ తబలా

పిల్లలమర్రి గారి మాటను గౌరవిస్తూనే నేను విభేదిస్తున్నాను. 1973 నాటి ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ ఉండగా వేరే గుమ్మం వెతకడం ఎందుకు? 1973 నుంచి 1988 వరకు అమెరికాలో ఆల్బమ్‌ల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ జాబితాలో 741 వారాలు నిలిచిన ఆల్బమ్ అది. జనాదరణే ప్రమాణం కాదన్నది నిజమే, అయితే కొత్తవారికి ఆ ఆల్బమ్ అడుగడుగునా చేయి అందిస్తుంది. పాటలు చిన్నవి, ఒకదానిలోంచి మరొకటి పుడుతూ పోతాయి. డబ్బు, కాలం, యుద్ధం, మతిభ్రమణం, చావు వంటి విషయాలు మనిషన్నవాడికి ఎక్కడైనా అర్థమవుతాయి. సాహిత్యాన్ని అట్ట లోపల ముద్రించిన వారి మొదటి ఆల్బమ్ కూడా ఇదే.

తబలా మీద చేయి పెట్టినవాడిగా ఒక సంగతి చెబుతాను. ‘మనీ’ పాట మొదట్లో నాణేల గలగల, గల్లాపెట్టె చప్పుడు ఒక లెక్కలో తిరుగుతూ వినబడతాయి. ఒక్కొక్క చప్పుడున్న టేపు ముక్కలను కొలిచి కత్తిరించి, అతికించి, చక్రంలా తిప్పి చేసిన పని అది. ఆ లెక్క ఏడు. వెనుక నుంచి వచ్చే బాసు గిటారు కూడా ఏడుకే నడుస్తుంది, మన మిశ్రచాపు వేసినట్టు ‘తకిట తకధిమి’ అంటూ చేతితో కొట్టి చూడండి. గిల్మోర్ గిటారు సోలో వచ్చేసరికి నడక నాలుగుకు మారుతుంది, సోలో పూర్తయ్యాక తిరిగి ఏడుకు వస్తుంది. తాళం తెలిసిన తెలుగు శ్రోతకు ఈ ఆల్బమ్‌లో ఇదే మొదటి విందు.

రెండవది ‘ది గ్రేట్ గిగ్ ఇన్ ది స్కై’. అందులో క్లేర్ టోరీ అనే గాయని సాహిత్యం లేకుండా కేవలం ఆలాపనతో పాడింది. చావు గురించిన పాట అని మాత్రమే చెప్పి, మాటలు వద్దని పాడమంటే, ఆమె అప్పటికప్పుడు అల్లుకుంటూ పాడిందే మనం వింటున్నది. ఆ రోజు ఆమెకు ముట్టింది 30 పౌండ్లు. చాలా ఏళ్ల తరువాత ఆమె కోర్టుకు వెళ్లింది. 2005లో రాజీ కుదిరాక రైట్ పేరు పక్కన స్వరకర్తగా ఆమె పేరు కూడా చేర్చారు. ఆమె పాడింది వింటే ఆ న్యాయం ఆలస్యమైందనే అంటారు.

ప్లేలిస్టులో పాటలు తెగిపోతున్నాయన్నారు కదా, అందుకు కారణం పాటల మధ్య ఖాళీ లేకపోవడమే. ఫోనులో షఫుల్ ఆపండి, ఒక పాట చివరను మరో పాట మొదలుతో కలిపే క్రాస్‌ఫేడ్ అమరిక ఉంటే దాన్ని కూడా ఆపండి, ఆల్బమ్ మొత్తాన్ని మొదటి పాట నుంచి పెట్టండి. బస్సు విషయం మాత్రం ఆలోచించవలసిందే. ఈ ఆల్బమ్ గుండె చప్పుడుతో, వినీవినబడనంత సన్నగా మొదలవుతుంది, చిట్యాల దాటాక ఇంజను మోతలో మీకు మొదటి అర నిమిషం ఏమీ వినబడదు. వినబడటం లేదని వాల్యూమ్ పెంచి పెట్టుకుంటే ‘టైమ్’ పాట మొదట్లో గడియారాలన్నీ ఒక్కసారిగా మోగినప్పుడు పక్క సీటాయన కూడా ఉలిక్కిపడతాడు. మొదటిసారి ఇంట్లో, రాత్రిపూట వినండి, బస్సుకు రెండోసారి చాలు.

దేవరకొండ ఖిల్లా

అడిగినవారికి నచ్చింది గిల్మోర్ గిటారు. అలాంటప్పుడు 1994 నాటి ‘ది డివిజన్ బెల్’ ఎందుకు చెప్పరు? రికార్డింగు స్పష్టంగా ఉంటుంది, పాటలు వినడానికి తేలిక, చివరి పాట ‘హై హోప్స్’లోని గంట, దాని వెంట వచ్చే గిటారు చాలు. నేను ఆ ఆల్బమ్‌తోనే ఈ బృందంలోకి వచ్చాను, నాకు ఏ లోటూ జరగలేదు.

పిల్లలమర్రి నీడ (మహబూబ్‌నగర్)

మిర్యాలగూడ గారి వాదనలో బలం ఉంది. ‘డార్క్ సైడ్’ మొదట విని, వెంటనే ‘విష్ యు వర్ హియర్’ వింటానంటే నాకు అభ్యంతరం లేదు. నేను రెండవ దాన్ని ముందు పెట్టడానికి కారణం ఒక్కటే. ‘డార్క్ సైడ్’ గురించి లోకం అంతగా చెప్పడం వల్ల, మొదటిసారి వినేవాడు సంగీతాన్ని వినడం మాని ఆ గొప్పతనం ఎక్కడుందా అని వెతుకుతుంటాడు.

‘డివిజన్ బెల్’ విషయంలో మాత్రం నేను అంగీకరించలేను. ‘హై హోప్స్’ గొప్ప పాటే. మిగిలిన ఆల్బమ్ వినసొంపుగా ఉంటుంది, కాని వాటర్స్ లేని లోటు, అంటే నిలదీసి అడిగే ఆ గొంతు లేకపోవడం, పాట పాటకూ తెలుస్తూనే ఉంటుంది. దాన్ని చివరన వింటే తీపిగా ఉంటుంది, మొదట వింటే బృందం గురించి తప్పుడు అంచనా ఏర్పడుతుంది. ఖిల్లా గారికి లోటు జరగకపోవడం వారి అదృష్టం.

గడియారం సెంటర్ (నల్లగొండ)

అందరికీ కృతజ్ఞతలు. గడియారాల మోత గురించి ముందే హెచ్చరించినందుకు మిర్యాలగూడ అన్నగారికి ప్రత్యేకంగా. ఒక అనుమానం: ‘కంఫర్టబ్లీ నమ్’ ఉన్నది ‘ది వాల్’ ఆల్బమ్‌లో కదా, దానితో మొదలుపెట్టమని ఎవరూ ఎందుకు చెప్పడం లేదు?

పిల్లలమర్రి నీడ (మహబూబ్‌నగర్)

అది 1979లో వచ్చిన జంట ఆల్బమ్, 26 పాటలు, గంటా ఇరవై నిమిషాలు. పింక్ అనే ఒక రాక్ గాయకుడు తన చుట్టూ తానే గోడ కట్టుకొని లోపల చిక్కుకుపోవడం అందులోని కథ. 1977లో మాంట్రియాల్ కచేరీలో అల్లరి చేస్తున్న ఒక అభిమాని మీద వాటర్స్ ఉమ్మేశాడు. తాను ఇంత దూరం ఎలా వచ్చానని ఆ తరువాత ఆలోచించడంలోంచి ఆ గోడ పుట్టింది. వాటర్స్ తండ్రి 1944లో ఇటలీలోని ఆంజియో దగ్గర యుద్ధంలో చనిపోయాడు, అప్పటికి వాటర్స్ పసిబిడ్డ. ఆ తండ్రి లేనితనం ఆల్బమ్ పొడవునా కనిపిస్తుంది. మన ఊళ్లలో మల్లన్న కథ చెప్పే ఒగ్గు బృందం దగ్గరికి నడిరేయి దాటాక వెళ్లి కూర్చుంటే డోలు దెబ్బ బాగుందనిపిస్తుంది గాని ఎవరు ఎవరి మీద అలిగారో తెలియదు. మీరు ‘కంఫర్టబ్లీ నమ్’ను విడిగా విన్నది అలాగే. అందులో డాక్టరు ఎవరితో మాట్లాడుతున్నాడో, ఆ ఇంజెక్షన్ ఎందుకో తెలియాలంటే ముందు పాటలన్నీ వినాలి. అవన్నీ వినే ఓపిక మరో రెండు ఆల్బమ్‌ల తరువాత వస్తుంది.

కాబట్టి నేను చెప్పే దారి ఇది: ముందు ఆ రెండు, ఆపైన 1971 నాటి ‘మెడిల్’. అందులో ‘ఎకోస్’ అనే ఒక్క రచన ఇరవై మూడు నిమిషాలు దాటి ఉంటుంది, ఎల్‌పీ రికార్డుకు ఒక పక్క మొత్తం అదే. ‘డార్క్ సైడ్’కు పునాది అక్కడే పడింది. తరువాత 1977 నాటి ‘యానిమల్స్’, అటు తరువాత ‘ది వాల్’. 1983 నాటి ‘ది ఫైనల్ కట్’ దాదాపు వాటర్స్ సొంత ఆల్బమ్, రైట్ అందులో లేనే లేడు. ‘ది వాల్’ బాగా నచ్చితే తప్ప దాని జోలికి పోవద్దు. (ఒక చిన్న ముచ్చట: ‘ది వాల్’ సమయంలో రైట్‌ను బృందం నుంచి తప్పించి, కచేరీలకు మాత్రం జీతం మీద పెట్టుకున్నారు. ఆ భారీ కచేరీలు నష్టాలు తేవడంతో మిగిలిన ముగ్గురూ చేతి డబ్బు పోగొట్టుకున్నారు, జీతగాడికి మాత్రం జీతం ముట్టింది.)

మూసీ ఒడ్డు (సూర్యాపేట)

ఇంతసేపూ బ్యారెట్‌ను జాలిపడవలసిన మనిషిగా చూస్తున్నారే తప్ప ఆయన సంగీతం గురించి ఎవరూ రాయలేదు. ‘పైపర్’ ఆల్బమ్‌ను అబ్బే రోడ్‌లో రికార్డు చేస్తున్న రోజుల్లోనే అదే భవనంలో బీటిల్స్ బృందం వారు ‘సార్జెంట్ పెప్పర్స్’ ఆల్బమ్ పనిలో ఉన్నారు. పిల్లల కథల్లాంటి చిన్న పాటల పక్కనే ‘ఇంటర్‌స్టెల్లార్ ఓవర్‌డ్రైవ్’ అనే పది నిమిషాలకు దగ్గరైన, పాట అనడానికి వీల్లేని గోలను పెట్టగల ధైర్యం ఆ తరువాతి పింక్ ఫ్లాయిడ్‌కు లేదు. అడిగినవారికి నా సలహా ఇది: దాన్ని గిల్మోర్ కోసం వెతుకుతూ వినకండి, వేరే బృందం అనుకొని వినండి. ‘సీ ఎమిలీ ప్లే’ అనే విడి పాట ముందు వినండి, అది మూడు నిమిషాల లోపే. నచ్చకపోతే మీకు బ్యారెట్ నచ్చడని తేలిపోతుంది, సమయం కూడా వృథా కాదు.

గడియారం సెంటర్ (నల్లగొండ)

‘విష్ యు వర్ హియర్’ నిన్న రాత్రి మేడ మీద కూర్చొని విన్నాను. ఆ నాలుగు స్వరాల దగ్గర నేను నిజంగానే ఫోను ఆగిపోయిందేమోనని చూశాను. అదే పేరున్న పాట మొదట్లో గిటారు పాత ట్రాన్సిస్టరులోంచి వస్తున్నట్టు సన్నగా ఉండి, తరువాత దగ్గరగా మరో గిటారు దానితో కలుస్తుంది. అది నా ఇయర్‌ఫోన్ల లోపమా, కావాలని చేసిందా? అలాగే ‘యానిమల్స్’కు రెండు రూపాలు కనిపిస్తున్నాయి, ఏది వినాలి?

మిర్యాలగూడ తబలా

కావాలని చేసిందే. రేడియోలో వస్తున్న పాటను గదిలో కూర్చున్న ఒకరు విని తానూ గిటారు అందుకున్నట్టు ఉండాలని అలా రికార్డు చేశారు. మీ ఇయర్‌ఫోన్లకు ఏ లోపమూ లేదు.

‘యానిమల్స్’ విషయానికి వస్తే, 1977 నాటి అసలు మిక్స్ ఒకటి, 2018లో తిరిగి మిక్స్ చేసి 2022లో విడుదల చేసింది మరొకటి. కొత్తదానిలో డ్రమ్ములు, బాసు విడివిడిగా తేటగా వినబడతాయి కాబట్టి బస్సులో వినేవారికి అదే నయం. నా మట్టుకు నాకు పాతదానిలోని మసక ఆ ఆల్బమ్ కోపానికి తగినదిగా తోస్తుంది. ఏది పెట్టినా పదిహేడు నిమిషాల ‘డాగ్స్’ను ఎల్బీనగర్ దాటకముందే మొదలుపెట్టండి, ఊళ్లోకి వచ్చాక పెడితే దిగేలోపు పూర్తి కాదు.