డెట్రాయిట్‌లో మూతపడ్డ రైలు దారులు: మీ కంట ఏం పడ్డాయి?

కాంటన్_కుర్రాడు: డెట్రాయిట్‌లో వాడకం ఆగిపోయిన రైల్వే లైన్ల ఆనవాళ్లు ఎక్కడున్నాయో ఎవరైనా చెప్తారా? మిషిగన్ సెంట్రల్ స్టేషన్ చూశాను. 1988లో ఆఖరి రైలు వెళ్లాక ముప్పై ఏళ్లు పాడుబడి, 2018లో ఫోర్డ్ కొని, 2024లో మళ్లీ తెరిచిన భవనం. బాగుంది. కానీ నాకు కావాల్సింది తళతళలాడే హాలు కాదు. కట్టలు, వంతెనలు, మిగిలిన పట్టాలు.

గోదారి_గట్టు: డిక్విండర్ కట్‌తో మొదలుపెట్టండి. ఒకప్పటి గ్రాండ్ ట్రంక్ అనే రైల్వే కంపెనీ లైను. వీధులకు అడ్డం రాకుండా దాదాపు 25 అడుగుల లోతున దారి తవ్వి పట్టాలు వేశారు. 1983 దాకా పాంటియాక్ ఊరి నుంచి ఉద్యోగుల రైళ్లు దీని మీదే డౌన్‌టౌన్‌కు వచ్చేవి. 2009లో నడకదారి అయింది, 2016లో మ్యాక్ అవెన్యూ దాకా పొడిగించారు. అందరూ గోడల మీది బొమ్మలకు ఫోటోలు తీసుకుని వచ్చేస్తారు. మీరు మాత్రం పైన వంతెనల స్తంభాల మధ్య ఎడం చూడండి, పక్కపక్కన ఎన్ని లైన్లు పట్టేవో తెలిసిపోతుంది.

నోవై_మామ: అది పార్కు బాబూ, ఆనవాలు ఎక్కడ మిగిలింది? అంతా కడిగి ముగ్గేశారు. డెట్రాయిట్ టెర్మినల్ రైల్‌రోడ్ దారి పట్టుకోండి. ఊరి చుట్టూ ఫ్యాక్టరీలను కలుపుతూ తిరిగిన బెల్టు లైను అది. కార్ల అసెంబ్లీ లైను 1913లో మొదలైన ఫోర్డ్ హైలాండ్ పార్క్ ప్లాంటుకు సరుకు మోసింది ఇదే. ఫ్యాక్టరీలు ఒక్కొక్కటీ మూతపడ్డాయి, సరుకు లేకపోయాక లైనుకు పనేముంది?

కాంటన్_కుర్రాడు: మామా, దాన్ని గుర్తుపట్టేదెలా?

నోవై_మామ: ముందు శాటిలైట్ మ్యాపు తెరువు. వీధులన్నీ గళ్లుగా ఉంటే, వాటిని ఖాతరు చేయకుండా ఐమూలగా పోయే సన్నటి ఖాళీ జాగా, దాని వెంట చెట్ల వరస కనపడుతుంది. దాన్ని ఆనుకున్న బిల్డింగుల గోడ కూడా వంకరగా తిరిగి ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. గోడను పట్టాల మలుపుకు తగ్గట్టు కట్టారన్నమాట. దగ్గరికెళ్తే ఇంకో గుర్తు: నేలకు నాలుగడుగుల ఎత్తున పెద్ద తలుపు, ఇటుకలతో మూసేసి ఉంటుంది. కింద మెట్లుండవు, ముందు రోడ్డుండదు. వ్యాగన్ వచ్చి ఆగేది అక్కడే.

కాకినాడ_కెమెరా: మా కాకినాడ–కోటిపల్లి పట్టాలు రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పీకేస్తే, 2004లో మళ్లీ వేశారు. డెట్రాయిట్‌లో అలా వేసేలా లేరు, సైకిళ్లకు ఇచ్చేస్తున్నారు.

గోదారి_గట్టు: ఇస్తే తప్పేంటండీ? బాక్సర్ జో లూయీ పేరుతో వేస్తున్న దారి కూడా చాలాచోట్ల పాత రైల్వే స్థలం మీదే పోతోంది. ఇళ్లు కట్టేస్తే ఆ గీత కూడా మిగలదు.

నోవై_మామ: సరే, ఒప్పుకున్నాం. ఒక్క జాగ్రత్త: తుప్పు పట్టాయి కదా అని ప్రతి పట్టా మీదా నడవకండి. డెట్రాయిట్ నది కింద 1910 నాటి సొరంగంలో గూడ్సు బళ్లు ఇప్పటికీ పోతున్నాయి. పట్టా పైభాగం మెరుస్తోందంటే అది వాడకంలో ఉన్న లైనే. కంచె దాటితే కేసు.

కాంటన్_కుర్రాడు: థ్యాంక్స్ మామా. ఈ శనివారం కట్ వైపు వెళ్తున్నా, కారెక్కడ పెట్టాలి?

గోదారి_గట్టు: శనివారమైతే ఈస్టర్న్ మార్కెట్ సంత ఉంటుంది, పొద్దున్నే రాకపోతే పార్కింగ్ దొరకదు. నది వైపు పెట్టుకుని పైకి నడవండి. సంతలో కూరగాయలు బాగుంటాయి, గోంగూర మీద మాత్రం ఆశ పెట్టుకోకండి.