డేట్ ఫిల్టర్‌లో చివరి రోజు డేటా పూర్తిగా రావడం లేదు

పట్టిక_చూపు
టాబ్లో (డేటాను చార్టులుగా చూపే సాఫ్ట్‌వేర్)లో మొదలు తేదీ, చివరి తేదీ అని రెండు పారామీటర్లు (చూసేవాళ్లు విలువ ఇచ్చే పెట్టెలు) ఉన్నాయి. మార్చి 1 నుంచి 31 దాకా ఇస్తే 30 వరకూ మొత్తాలు సరిగ్గా ఉన్నాయి, 31న మాత్రం ఒకటి రెండు వరుసలే వస్తున్నాయి. డేటాబేస్‌లో ఆ రోజువి అన్నీ ఉన్నాయి. కాలమ్ డేట్‌టైమ్ (తేదీతో పాటు టైమ్ కూడా ఉండే రకం). ఎక్కడ చూడాలి?

నీలిగడి
కాలమ్‌లో టైమ్ ఉంది, పారామీటర్‌లో లేదు. టైమ్ లేని 31వ తేదీ అంటే సాఫ్ట్‌వేర్‌కి 31న 00:00:00. "చివరి తేదీకి సమానం లేదా తక్కువ" అన్న షరతు ఆ క్షణంతోనే ఆగిపోతుంది, ఉదయం 9 గంటల వరుస బయటే ఉండిపోతుంది. మీకు వస్తున్న ఆ ఒకటి రెండూ సరిగ్గా అర్ధరాత్రి టైమ్‌తో నమోదైనవై ఉంటాయి, చూడండి.

క్యాలిక్యులేటెడ్ ఫీల్డ్‌లో (మీరు ఫార్ములా రాసుకునే చోటు) షరతు మార్చండి. మొదలు తేదీకి సమానం లేదా ఎక్కువ; చివరి తేదీకి డేట్‌యాడ్ ఫంక్షన్‌తో ఒక రోజు కలిపి, దానికన్నా తక్కువ. ఈ రెండో చోట సమానం గుర్తు పెడితే ఏప్రిల్ 1 అర్ధరాత్రి వరుసలు కూడా వచ్చేస్తాయి. కొందరు 23:59:59 అని రాస్తారు, దయచేసి అది వద్దు. మిల్లీసెకన్లు నిల్వ చేసే కాలమ్ అయితే ఆఖరి సెకనులో పడ్డవి జారిపోతాయి. కస్టమ్ ఎస్‌క్యూఎల్‌లో (మీరే రాసే డేటాబేస్ క్వెరీ) రెండు తేదీల మధ్య అని అడిగే బిట్వీన్ వాడినా చివరి రోజు తెగిపోయే ఇదే సమస్య.

గీతల_లెక్క
కాలమ్‌నే డేట్ ఫంక్షన్‌లో పెట్టి పోల్చినా జవాబు సరిగ్గానే వస్తుంది. కానీ లైవ్ కనెక్షన్‌లో (ప్రతిసారీ నేరుగా డేటాబేస్‌నే అడిగే పద్ధతి) పెద్ద టేబుల్ ఉంటే, ఆ కాలమ్ మీదున్న ఇండెక్స్‌ని (త్వరగా వెతకడానికి ఉండే సూచిక) డేటాబేస్ చాలాసార్లు వాడుకోలేదు, డాష్‌బోర్డ్ నెమ్మదిస్తుంది. పైన చెప్పిన పద్ధతే మేలు.

స్లైసర్
టాబ్లో లాంటిదే అయిన పవర్ బీఐ వాడేవాళ్లకు ఇదే తప్పు ఇంకో రూపంలో ఎదురవుతుంది. డేట్‌టైమ్ కాలమ్‌ని క్యాలెండర్ టేబుల్‌కి (రోజుకో వరుస ఉండే తేదీల పట్టిక) కలిపితే, టైమ్ ఉన్న వరుసలకు అక్కడ జోడీ దొరకదు. అవన్నీ బ్లాంక్ కింద చేరతాయి, స్లైసర్‌లో (రిపోర్టు మీద కనిపించే ఫిల్టర్ పెట్టె) ఏ తేదీ ఎంచుకున్నా రావు. ఫార్మాట్ మారిస్తే కనిపించే తీరే మారుతుంది, లోపల టైమ్ అలాగే ఉంటుంది. పవర్ క్వెరీలో (డేటా లోడ్ అయ్యే ముందు దాన్ని సరిచేసే భాగం) కాలమ్ డూప్లికేట్ చేసి, టైప్‌ని డేట్ చేసి, రిలేషన్‌షిప్ దానితో పెట్టండి. క్యాలెండర్ టేబుల్‌లో తేదీలు మధ్యలో తెగకూడదు, రెండుసార్లు రాకూడదు, ఖాళీలు ఉండకూడదు.

పట్టిక_చూపు
ఒక రోజు కలిపాక 31 పూర్తిగా వచ్చింది. అయితే ఫిక్స్‌డ్‌తో (చెప్పిన డైమెన్షన్ల స్థాయిలోనే లెక్క చేసే టాబ్లో ఫార్ములా) తీసిన మొత్తం ఈ ఫిల్టర్‌కి కదలడం లేదు.

నీలిగడి
టాబ్లో ఫిక్స్‌డ్ లెక్కను మామూలు డైమెన్షన్ ఫిల్టర్ల కన్నా ముందే చేసేస్తుంది. డేట్ ఫిల్టర్ మీద రైట్ క్లిక్ చేసి యాడ్ టు కాంటెక్స్ట్ ఇవ్వండి, ఆ పిల్ (ఫిల్టర్ పేరున్న గడి) బూడిద రంగుకు మారుతుంది. కాంటెక్స్ట్ ఫిల్టర్ ఫిక్స్‌డ్ కన్నా ముందు నడుస్తుంది.

స్లైసర్
రిలేటివ్ డేట్ ("ఈ రోజు" నుంచి లెక్కించే తేదీ ఫిల్టర్) వాడేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. పవర్ బీఐ సర్వీస్‌లో (ఆన్‌లైన్‌లో నడిచేది) "ఈ రోజు" యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) లెక్కన నడుస్తుంది. యూటీసీ కన్నా 5 గంటల 30 నిమిషాలు ముందున్న చోట, అర్ధరాత్రి నుంచి ఉదయం 5:30 దాకా స్లైసర్ నిన్నటి తేదీనే ఈ రోజుగా తీసుకుంటుంది. పొద్దున్నే చూసే రిపోర్టయితే, పవర్ క్వెరీలో స్థానిక తేదీ ప్రకారం "ఈ రోజు" అనే గుర్తు కాలమ్ తయారుచేసి దానిమీద ఫిల్టర్ పెట్టండి. అది రిఫ్రెష్ అయినప్పుడే మారుతుంది కాబట్టి, స్థానికంగా అర్ధరాత్రి దాటాక ఒక రిఫ్రెష్ షెడ్యూల్ చేయాలి.