కోబాల్ట్ కలిపిన బిస్మత్ ఫెర్రైట్‌లో తెరుచుకున్న ఎమ్-హెచ్ లూప్: డోపింగ్ ఫలితమా, మలిన దశ పనా?

పరిశోధక విద్యార్థి, హన్మకొండ:

పెద్దలకు నమస్కారం. నేను సీసం లేని సిరామిక్స్‌పై, అందులోనూ అయస్కాంత, విద్యుత్ గుణాలు రెండూ ఉండే బిస్మత్ ఫెర్రైట్‌పై పనిచేస్తున్నాను. బిస్మత్ స్థానంలో 10 శాతం లాంథనం, ఇనుము స్థానంలో 5 శాతం కోబాల్ట్ ఉండేలా ఆక్సైడ్ పొడులను అగేట్ మోర్టార్‌లో నూరి, పెల్లెట్లు చేసి, 850 డిగ్రీల సెల్సియస్ వద్ద సింటరింగ్ చేశాను (కరగకుండా కాల్చి గట్టిపరిచాను). ఏమీ కలపని శాంపిల్‌లో ఎమ్-హెచ్ గీత (అయస్కాంత క్షేత్రంతో అయస్కాంతీకరణ ఎలా మారుతుందో చూపేది) దాదాపు సరళరేఖగా ఉండగా, డోపింగ్ చేసిన, అంటే వేరే మూలకాలు కలిపిన దానిలో లూప్ స్పష్టంగా తెరుచుకుని అయస్కాంతీకరణ గ్రాముకు 0.5 ఈఎంయూ (దాన్ని కొలిచే ప్రమాణం) వచ్చింది. ఎక్స్-రే గ్రాఫ్‌లో వేరే పదార్థం ఉందని చెప్పే అదనపు పీక్‌లు కనిపించలేదు. పీ-ఈ లూప్ (విద్యుత్ క్షేత్రంతో ధ్రువణం ఎలా మారుతుందో చూపేది) మాత్రం కొనలు తేలకుండా కోడిగుడ్డులా ఉబ్బిపోయింది. వోల్టేజీ పెంచితే పెల్లెట్ షార్ట్ అవుతోంది. అయస్కాంత గుణం మెరుగైన శాంపిల్‌లోనే విద్యుత్ గుణం ఎందుకు చెడింది? లూప్ తెరుచుకోవడం డోపింగ్ ఫలితమేనని సెమినార్‌లో చెప్పవచ్చునా?

అధ్యాపకుడు, కాజీపేట:

ఇప్పుడే చెప్పకండి. బిస్మత్ ఫెర్రైట్‌లో ఇనుము అయాన్ల స్పిన్‌లు (చిన్న అయస్కాంతాల్లాంటివి) పక్కపక్కనే ఎదురెదురుగా నిలబడటమే కాక, సుమారు 62 నానోమీటర్లకు ఒక చుట్టు చొప్పున మెలితిరుగుతూ పోతాయి కనుక మొత్తం మీద అయస్కాంతత్వం మిగలదు. లాంథనం చేరి జాలకాన్ని (అయాన్ల క్రమమైన అమరికను) సవరించినప్పుడు ఆ మెలిక చెదిరి, స్పిన్‌ల కొద్దిపాటి వంపు బయటపడి, బలహీనమైన ఫెర్రో అయస్కాంతత్వం కనిపించడం నిజమే. కానీ కోబాల్ట్ ఉన్న చోట నాకు మొదట అనుమానం కలిగేది మలిన దశగా, అంటే వేరే పదార్థంగా విడిపోయే కోబాల్ట్ ఫెర్రైట్ మీదనే. దాని సంతృప్త (గరిష్ఠ) అయస్కాంతీకరణ గ్రాముకు దాదాపు 80 ఈఎంయూ. లెక్క వేయండి: బరువులో 0.6 శాతం ఉంటే చాలు, మీ 0.5 వచ్చేస్తుంది, అందుకు మీరు వేసిన కోబాల్ట్‌లో ఆరో వంతు విడిపోతే సరిపోతుంది. అంత తక్కువ దశను ప్రయోగశాలలోని మామూలు ఎక్స్-రే యంత్రం పట్టుకోకపోవచ్చు.

తేల్చుకునే దారి ఉష్ణోగ్రతలో ఉంది. స్పిన్‌ల వరుస చెదిరిపోయే ఉష్ణోగ్రత బిస్మత్ ఫెర్రైట్‌కు (నీల్ ఉష్ణోగ్రత) సుమారు 370 డిగ్రీలు, కోబాల్ట్ ఫెర్రైట్‌కు (క్యూరీ ఉష్ణోగ్రత) సుమారు 520 డిగ్రీలు. డోపింగ్ వల్ల మొదటిది కొంత జరిగినా అంత దూరం పోదు. 420 డిగ్రీల వద్ద కూడా లూప్ తెరుచుకునే ఉంటే అది మలిన దశదే. అంతకు మించి వేడి చేయకండి, ఎందుకంటే సుమారు 447 నుంచి 767 డిగ్రీల మధ్య బిస్మత్ ఫెర్రైట్ తనంతట తానే విడిపోవడానికి మొగ్గుతుంది; వెతుకుతున్న మలినాన్ని కొలతే పుట్టించినట్లవుతుంది.

సింటరింగ్ అనుభవజ్ఞురాలు, వరంగల్:

పై మాటతో ఏకీభవిస్తూ విద్యుత్ వైపు గురించి చెబుతాను. కోబాల్ట్ రెండు ధనావేశాలతో, మూడు ధనావేశాలున్న ఇనుము స్థానంలో చేరితే, తగ్గిన ఆవేశాన్ని సరిదిద్దడానికి జాలకం ఆక్సిజన్‌ను వదులుకుంటుంది. ప్రతి రెండు కోబాల్ట్ అయాన్లకు ఒక ఆక్సిజన్ ఖాళీ ఏర్పడుతుంది. సింటరింగ్‌లో బిస్మత్ ఆవిరైపోవడం వల్ల వచ్చే ఖాళీలు వీటికి తోడవుతాయి. మీ పీ-ఈ లూప్‌ను ఉబ్బించినది ధ్రువణం కాదు, ఈ ఖాళీల వల్ల పారే లీకేజీ కరెంటు. కోబాల్ట్‌తో సమానంగా 5 శాతం టైటానియం వేసి చూడండి: రెండు, నాలుగు కలిసి ఆరు ధనావేశాలై, రెండు ఇనుముల లెక్కకు సరిపోతాయి. టైటానియంకు అయస్కాంతత్వం లేదు కాబట్టి ఇనుము వరుస కొంత పలచబడుతుంది, అది భరించవలసిందే. బిస్మత్ ఆక్సైడ్‌ను కొద్దిగా ఎక్కువ వేయడం కూడా మరవకండి.

మరో రెండు సంగతులు అడగాలి. లాంథనం ఆక్సైడ్‌ను తూచే ముందు 900 డిగ్రీల పైన కాల్చారా? అది గాలిలోని తేమను పీల్చుకుని హైడ్రాక్సైడ్‌గా మారుతుంది. మన దగ్గర ముసురు పట్టిన రోజుల్లో సీసా మూత తీసి అలాగే తూచితే, మీరనుకున్న 10 శాతం 10 కాదు. రెండవది, ఫర్నేస్‌ను ఎలా చల్లార్చారు? ఆ 767, 447 డిగ్రీల మధ్య శాంపిల్ ఎక్కువసేపు ఉండకూడదు.

పరిశోధక విద్యార్థి, హన్మకొండ:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ల్యాబ్ నోట్‌బుక్ తీసి చూశాను. ఆ బ్యాచ్ సింటరింగ్ ముగిసే వేళకు కరెంటు పోయింది, పెల్లెట్లు మూసిన ఫర్నేస్‌లోనే తెల్లవారే దాకా మెల్లగా చల్లారాయి. లాంథనం ఆక్సైడ్‌ను కాల్చకుండానే, ఆగస్టులో తూచాను. సెమినార్‌లో ఈ లూప్ చూపించను. టైటానియంతో, టైటానియం లేకుండా రెండు బ్యాచ్‌లు కొత్తగా చేసి, వేడిగా ఉండగానే బయటకు తీసి, 420 డిగ్రీల కొలత రాగానే ఇక్కడే పెడతాను.