రక్తహీనత లెక్కలు చూపడానికి ఎక్సెల్ చాలునా, పవర్ బీఐ కావాలా, ఆర్ నేర్చుకోవాలా?

లెక్కలకాపరి:
మా స్వచ్ఛంద సంస్థ ఉమ్మడి వరంగల్ ప్రాంతంలో గర్భిణుల హిమోగ్లోబిన్ పరీక్షల వివరాలను సేకరిస్తుంది. ఏడాదికి సుమారు 40,000 వరుసలు వస్తాయి. వాటిని నెలకొకసారి ఏఎన్ఎంలకు, ఆశా కార్యకర్తలకు, వైద్యాధికారికి చూపాలి. సమావేశ గదిలో ప్రొజెక్టర్ ఉంది గాని ఇంటర్నెట్ మీద నమ్మకం లేదు. డబ్బు పెట్టే స్తోమత కూడా లేదు. ఏ సాధనం మంచిది?

గోదావరిగట్టు:
పవర్ బీఐ అంటే చార్టుల నివేదికలు తయారుచేసే మైక్రోసాఫ్ట్ సాధనం. దాని డెస్క్‌టాప్ రూపం ఉచితం, ఇంటర్నెట్ లేకపోయినా లాప్‌టాప్‌లోనే తెరిచి చూపవచ్చు. ఎక్సెల్‌ను నమ్ముకుంటే ఏమవుతుందో 2020లో ఇంగ్లండ్‌లో చూశాం. వరుసల పరిమితి దాటిపోవడంతో 15,841 కోవిడ్ కేసులు సకాలంలో లెక్కలోకి రాలేదు. ఆరోగ్య సమాచారంతో అటువంటి సాహసం వద్దు.

ఒత్తుపొల్లు:
ఆ ఉదాహరణ సగమే చెప్పారు. అక్కడ అడ్డుపడింది పాత ఎక్స్ఎల్ఎస్ ఫైలు రూపం, దాని హద్దు 65,536 వరుసలు. నేటి ఎక్సెల్ షీటులో 10,48,576 వరుసలు పడతాయి. అడిగినవారి 40,000 ఆ పాత రూపంలో కూడా సుఖంగా సర్దుకుంటాయి. పైగా పవర్ బీఐ డెస్క్‌టాప్ విండోస్‌లో మాత్రమే నడుస్తుంది, నివేదికను నలుగురికీ ఆన్‌లైన్‌లో పంచాలంటే లైసెన్సు కొనవలసి వస్తుంది. ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చార్టులు గీసే జీజీప్లాట్2 పూర్తిగా ఉచితం, బొమ్మను ఫైలుగా మలిచే రాగ్ ప్యాకేజీ తోడైతే తెలుగు పేర్లలో ఒత్తులు విడిపోకుండా వస్తాయి.

చిన్నమాట:
ఆశా కార్యకర్త చూసేది బొమ్మను, కోడ్‌ను కాదు కదండీ!

గోదావరిగట్టు:
వరుసల సంఖ్యే పట్టుకుని వేలాడుతున్నారు. నేనన్నది చేతితో కాపీ చేసి అతికించే అలవాటు గురించి. పవర్ బీఐతో వచ్చే, సమాచారాన్ని సరిచేసే పవర్ క్వెరీలో శుభ్రపరిచిన ప్రతి మెట్టూ నమోదై ఉంటుంది, వచ్చే నెల ఒక్క మీట నొక్కితే చాలు.

ఒత్తుపొల్లు:
వరుసల మాట మొదలుపెట్టింది మీరే. పవర్ క్వెరీ 2016 నుంచి ఎక్సెల్‌లోనే ఉంది. ఎక్సెల్‌ను తిట్టడానికి ఎక్సెల్‌లో ఉన్నదాన్నే చూపిస్తున్నారు.

పటాలపిచ్చి:
ఏ సాధనమైనా ముందు ఒక చిక్కు తీర్చుకోండి. 2016 అక్టోబరు 11న తెలంగాణ జిల్లాలు 10 నుంచి 31 అయ్యాయి, 2019లో 33కు చేరాయి. పాత వరంగల్ గీతను నేటి జిల్లాతో కలిపితే సంఖ్య ఒక్కసారిగా పడిపోయినట్టు కనబడుతుంది, దానికి మీరు కారణాలు వెతుకుతారు. మండలాల కోడ్‌ల పట్టిక ఒకటి చేసుకోండి. రంగుల పటం వేస్తే ములుగు వైపు అడవి మండలాలు జనం తక్కువైనా తెరంతా ఆక్రమిస్తాయి, అదీ గమనించండి.

ఒత్తుపొల్లు:
ఈ ఒక్క సమాధానమే ప్రశ్నకు తగినట్టుంది. డ్యాష్‌బోర్డులని పిలిచే నివేదిక తెరలు చాలావరకు గుండ్రటి మీటర్లూ, వృత్తాన్ని ముక్కలు చేసి చూపే పై (pie) చార్టులే. కోణాలను పోల్చడం కంటే ఒకే అడ్డగీత మీది స్థానాలను పోల్చడంలో కన్ను తక్కువ తప్పుతుందని 1984లోనే గణాంక శాస్త్రవేత్తలు క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ ప్రయోగాలతో చూపారు. తెలిసినవారు, కావలసిన వరుసలు ఎంచుకోమని చూసేవారికి నాలుగు ఫిల్టరు మీటలు పెట్టి తప్పుకోరు.

గోదావరిగట్టు:
"తప్పుకోరు" అన్నారు కాబట్టి చెబుతున్నాను. నేను పనిచేసిన ఒక కార్యాలయంలో మూడు నెలలు కష్టపడి, ఏ ప్రాంతం వెనకబడిందో ఒకే గీతలో తేల్చి చెప్పాను. "ఈ మాట చెప్పమని నిన్నెవరు అడిగారు?" అని పై అధికారి దాన్ని పక్కన పెట్టించారు, తర్వాత నన్ను కూడా. ఆనాటి నుంచి నేను తీర్పు చెప్పను. ఫిల్టర్లు ఇస్తాను, చూసేవారే తేల్చుకుంటారు.

ఒత్తుపొల్లు:
మీకు జరిగింది అన్యాయమే. అయితే మనం ఇంతసేపూ సాధనం గురించి వాదించుకోలేదన్నమాట. చూసేవారికి ప్రశ్న ఇవ్వాలా, జవాబు ఇవ్వాలా అన్నదే మన తగాదా. సబ్ సెంటర్ నుంచి ఎండలో వచ్చిన ఏఎన్ఎంకు ఫిల్టర్లు ఇవ్వడమంటే మన పని ఆమె నెత్తిన పెట్టడమే.

గోదావరిగట్టు:
మీరిచ్చే ఒక్క బొమ్మలో ఏం దాచారో ఆమెకు తెలిసేదెలా? మండలం సగటు 10.4 గ్రాములని నిలువుకడ్డీ గీస్తే, 7 గ్రాములకన్నా తక్కువతో తీవ్ర రక్తహీనత ఉన్న ముగ్గురు ఆ కడ్డీలోనే కలిసిపోతారు. ఫిల్టరు ఉంటే వాళ్లను ఎవరో ఒకరు పట్టుకుంటారు.

ఒత్తుపొల్లు:
సగటు గీయమని నేనెక్కడ అన్నాను? ఒక్కో పరీక్షకు ఒక్కో చుక్క పెట్టి, 7 దగ్గర ఎర్రగీత గీస్తాను.

చిన్నమాట:
ఎర్రగీత ఎక్సెల్‌లోనూ గీయవచ్చు.

లెక్కలకాపరి:
అందరికీ ధన్యవాదాలు. మీ వాదన చదివి నిన్న ఒక ఏఎన్ఎం గారిని నేరుగా అడిగాను. ఆవిడకు పటమూ వద్దట, ఫిల్టరూ వద్దట. తన పరిధిలో 7 గ్రాములకన్నా తక్కువ ఉన్నవారి పేరు, ఊరు ఒక కాగితం మీద ఇస్తే చాలట. వైద్యాధికారికి మాత్రం చుక్కల బొమ్మ ఎక్సెల్‌లోనే వేయబోతున్నాను.

గోదావరిగట్టు:
గర్భిణుల పేర్లున్న కాగితాన్ని ఆ సమావేశంలో అందరి చేతికీ ఇస్తారా?

లెక్కలకాపరి:
అది ఆలోచించలేదండీ. ఎవరి సబ్ సెంటర్ కాగితం వారికే విడిగా ఇస్తాను.