ఇన్సులిన్ పంపు సెట్టింగులు మనమే మార్చుకోవచ్చా, డాక్టర్ చెప్పేదాకా ఆగాలా?

తెల్లవారుజాము: టైప్ 1 డయాబెటిస్ వచ్చి 14 ఏళ్లు, పంపు పెట్టుకుని 3 ఏళ్లు. వారంగా తెల్లవారుజామున 4 దాటాక షుగర్ ఎక్కుతూ లేచేసరికి 200 దగ్గర ఉంటోంది. అపాయింట్‌మెంట్‌కి ఇంకా రెండు నెలలుంది. 4 గంటల నుంచి బేసల్‌ని (పంపు రోజంతా కొద్దికొద్దిగా ఎక్కించే ఇన్సులిన్) గంటకు 0.8 నుంచి 0.9 యూనిట్లకు పెంచుదామనుకుంటున్నాను. ఇంట్లోవాళ్లు మాత్రం దాన్ని ముట్టుకోవద్దంటున్నారు. మీరేమంటారు?

నిదానం: ముట్టుకోకండి. ఇలాగే ఓపిక పట్టలేక నేను బేసల్, కార్బ్ రేషియో (ఒక యూనిట్ ఎన్ని గ్రాముల కార్బ్స్‌కి సరిపోతుందో), కరెక్షన్ ఫ్యాక్టర్ (ఒక యూనిట్ షుగర్‌ని ఎన్ని పాయింట్లు తగ్గిస్తుందో) మూడూ ఒకే రోజు మార్చాను. ఆ రాత్రి షుగర్ 41కి పడిపోయింది. నాకు స్పృహ లేదు, మావారు గ్లూకగాన్ (షుగర్‌ని వెంటనే పెంచే మందు) ఇచ్చారు. ఆయన ఇప్పటికీ రాత్రి లేచి నా రీడింగ్ చూస్తారు. ఆ భయం ఎవరి ఇంట్లోనూ ఉండకూడదు.

పాత పంపు: నిదానం గారూ, మీరు పడింది చిన్న కష్టం కాదు. కానీ మూడూ ఒకేసారి మార్చడం వల్ల ఏది దెబ్బతీసిందో తెలిసే దారి కూడా లేకుండా పోయింది. మార్చడమే తప్పని నేననను. రోజుకు మొత్తం 40 యూనిట్ల ఇన్సులిన్ వాడేవారికి 500ని 40తో భాగించి యూనిట్‌కి 12.5 గ్రాముల కార్బ్స్ అని, 1800ని భాగించి యూనిట్‌కి షుగర్ 45 పాయింట్లు తగ్గుతుందని మొదట పెడతారు. అవి మొదలుపెట్టడానికి వేసే అంకెలే. ఒంటికి సరిపడేది రోజూ చూసుకునే మనకే ముందు తెలుస్తుంది.

తెల్లవారుజాము గారూ, పెంచే ముందు బేసల్ పరీక్ష చేయండి. రాత్రి పెందలాడే తినేయండి. చివరి బోలస్ (తిండికి లేదా ఎక్కువైన షుగర్‌కి ఒకేసారి ఇచ్చే డోసు) తర్వాత కనీసం 4 గంటలు పోనిచ్చి, అక్కడి నుంచి సీజీఎం (షుగర్‌ని ఆగకుండా కొలిచే సెన్సర్) గీత చూడండి. 30 పాయింట్లలోపు కదిలితే బేసల్ బాగున్నట్టే. 2, 3 రాత్రులు ఒకేలా ఎక్కితేనే 10 శాతం మార్చండి. అదీ 4కి కాదు, 2 లేదా 2:30కి. ఇప్పుడెక్కిన ఇన్సులిన్ పనిచేయడానికి గంట, రెండు గంటలు పడుతుంది.

నిదానం: ఆ పద్ధతికి ఒప్పుకుంటాను. కానీ షుగర్ లో అయినప్పుడు చెమట, వణుకు తెలియనివారు, గర్భిణులు, కిడ్నీ సమస్య ఉన్నవారు డాక్టర్ టీమ్‌తో మాట్లాడకుండా ఒక్క అంకె కూడా మార్చకూడదు. ఇందులో నేను తగ్గను. ఇంకోటి, ఆటో మోడ్ (సెన్సర్ చూసి పంపే ఇన్సులిన్ సర్దుకునే పద్ధతి) ఉన్న కొన్ని పంపుల్లో మనం పెట్టిన బేసల్‌ని అది అసలు వాడుకోదు. మీది ఏ మోడ్‌లో ఉంది?

పాత పంపు: మంచి ప్రశ్న. సెట్ (పంపు నుంచి ఒంట్లోకి ఇన్సులిన్ తెచ్చే ట్యూబ్, సూది) మార్చి ఎన్ని రోజులైందో కూడా చెప్పండి. 250 దాటి, కరెక్షన్ ఇచ్చినా దిగకపోతే అది సెట్టింగుల గొడవ కాదు. కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు ఒంట్లో పెరిగే ఆమ్లాలు) చూసి, పెన్‌తో ఇంజెక్షన్ తీసుకుని, సెట్ మార్చాలి. పంపులో లాంగ్ యాక్టింగ్ (చాలాసేపు పనిచేసే) ఇన్సులిన్ ఉండదు కాబట్టి ట్యూబ్ మూసుకుపోతే కొన్ని గంటల్లోనే కీటోన్లు పెరుగుతాయి.

తెల్లవారుజాము: మాన్యువల్ మోడే. ఇప్పుడే పాత గీతలు తీసి చూశాను. బాగా ఎక్కిన రెండు రాత్రులూ సెట్ పెట్టి నాలుగో రోజు. మిగతా రోజుల్లో 160 దగ్గరే ఆగింది. ఈరోజే కొత్త సెట్ పెట్టి మూడు రాత్రులు పరీక్ష చేస్తాను. అప్పటికీ ఎక్కితే ఆ గీతలు నర్స్‌కి పంపి, 2:30 నుంచి 0.85 పెడతాను. 0.9 ఆలోచన మానుకున్నాను.

నిదానం: మొదటి రెండు రాత్రులూ 3 గంటలకు అలారం పెట్టుకోండి. పక్కన గ్లూకోజ్ ఉంచుకోండి.