జూమ్ చేసి ఫోకస్ పట్టి వెనక్కి వస్తే ఫొటో మసకగా వస్తోంది: తప్పు ఎక్కడ?

కొత్తకెమెరా:
24-105 ఎంఎం ఎఫ్/4 జూమ్ లెన్స్, మిర్రర్‌లెస్ బాడీ. 105లో కంటి మీద ఫోకస్ పట్టి, మాన్యువల్‌కి మార్చి, 35కి వెనక్కి వచ్చి తీస్తే కన్ను మెత్తగా ఉంటోంది. ఈ పద్ధతి చాలాచోట్ల చెబుతారు కదా, మరి లెన్స్‌లో లోపమా?

మూడుకాళ్లు:
లోపం కాదండీ. ఆ పద్ధతి పార్‌ఫోకల్ లెన్స్‌లది. అంటే జూమ్ మార్చినా ఫోకస్ కదలనివి: టీవీ కెమెరాల లెన్స్‌లు, సినిమా జూమ్‌లు. ఫొటోలకు ఇప్పుడొస్తున్న జూమ్‌లలో ఎక్కువ భాగం వారిఫోకల్. జూమ్ రింగ్ తిప్పగానే ఫోకస్ దూరం కూడా జరుగుతుంది. ముందు ఫ్రేమ్ ఖాయం చేసుకోండి, తర్వాతే ఫోకస్ పట్టండి. పట్టాక జూమ్ రింగ్ ముట్టుకుంటే మళ్లీ పట్టాల్సిందే.

గాజుకన్ను:
పై మాట నిజమే కానీ ఒక్కో లెన్స్ ఒక్కోలా ఉంటుంది, పరీక్షించి చూసుకోవడం మేలు. ట్రైపాడ్ మీద పెట్టి, 3 మీటర్ల దూరంలో సన్నని అక్షరాలున్న కాగితం అతికించండి. అపెర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్/4. 105లో పది రెట్లు పెద్దది చేసి చూస్తూ ఫోకస్ పట్టి, ఏమీ కదపకుండా 24కి వచ్చి ఒక ఫొటో. అక్కడే మళ్లీ ఫోకస్ పట్టి ఇంకో ఫొటో. రెండూ 100 శాతంలో పక్కపక్కన చూడండి. తేడా లేకపోతే ఆ దూరంలో మీ పద్ధతి పనికొస్తుంది.

ఇదే పరీక్ష తిరగేసి, 24లో పట్టి 105కి వెళ్తే చాలా లెన్స్‌లు అక్కడే దొరికిపోతాయి. ఎందుకంటే ఫుల్‌ఫ్రేమ్ (36×24 ఎంఎం సెన్సర్) మీద 3 మీటర్లకు ఎఫ్/4లో 24 దగ్గర దాదాపు 1.85 నుంచి 8 మీటర్ల దాకా షార్ప్‌గానే కనిపిస్తుంది. అదే 105లో మొత్తం కలిపి 20 సెంటీమీటర్లే. వైడ్‌లో (24 వైపు) చిన్న పొరపాటును ఆ లోతు కప్పేస్తుంది, టెలీలో (105 వైపు) కప్పదు.

కొత్తకెమెరా:
మరి వైడ్‌లోనే ఆటోఫోకస్ పెడితే వెనక గోడ మీదకు పోతోంది?

మూడుకాళ్లు:
వైడ్‌లో మనిషి చిన్నగా అయిపోతాడు, ఫోకస్ పెట్టె మాత్రం అంతే ఉంటుంది. ముఖంతో పాటు వెనకున్న గోడ, కిటికీ చువ్వలు కూడా ఆ పెట్టెలో పడతాయి. కాంట్రాస్ట్ దేనికి ఎక్కువుంటే కెమెరా దాన్నే పట్టుకుంటుంది. పెట్టెను అన్నిటికన్నా చిన్న సైజుకు తగ్గించి, చొక్కా కాలర్‌లాంటి గీత మీద పెట్టండి. మాన్యువల్‌లో పీకింగ్‌ను (షార్ప్‌గా ఉన్న అంచులకు రంగు పూసి చూపే సదుపాయం) నమ్మకండి, వైడ్‌లో అది సగం ఫ్రేమ్‌కి రంగు పూసేస్తుంది. పెద్దది చేసి చూడటమే దారి.

రీలుతిప్పు:
వీడియో వాళ్లకు ఒక మాట. మార్చే లెన్స్ ఉన్న టీవీ కెమెరాలో టెలీలో షార్ప్‌గా ఉండి వైడ్‌కి రాగానే మెత్తబడితే, అది బ్యాక్ ఫోకస్ (లెన్స్‌కీ సెన్సర్‌కీ మధ్య దూరపు సర్దుబాటు) తప్పడం. నక్షత్రం గీతల చార్ట్ పెట్టి, ఐరిస్ (అంటే అపెర్చర్) పూర్తిగా తెరిచి (వెలుగు ఎక్కువైతే దాన్ని తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ వేసి, ఐరిస్ మూయకుండా) టెలీలో ముందు ఫోకస్ రింగ్‌తో పట్టండి. వైడ్‌కి వచ్చి ఈసారి బ్యాక్ ఫోకస్ రింగ్‌తో పట్టండి. మళ్లీ టెలీ, మళ్లీ వైడ్. రెండు చివర్లా నిలిచేదాకా తిప్పి, స్క్రూ బిగించండి. వైడ్‌లో ముందు రింగ్ తిప్పారో, చేసిందంతా మొదటికి వస్తుంది.

గాజుకన్ను:
@కొత్తకెమెరా, ఇంకో అనుమానం కూడా తీర్చుకోండి. అది ఫోకస్ తప్పా, చెయ్యి వణుకా? ఫొటోలో ముక్కు కొసో చెవో షార్ప్‌గా ఉండి కన్ను మాత్రం మెత్తగా ఉంటే ఫోకస్ తప్పు. ఏదీ షార్ప్‌గా లేక, వెలుగు చుక్కలు గీతల్లా సాగి ఉంటే వణుకు. 105లో షట్టర్ వేగం కనీసం 1/125 సెకను, మనిషి కదులుతుంటే 1/250 కన్నా తగ్గించకండి.

కొత్తకెమెరా:
చెవి షార్ప్‌గా ఉంది, కన్ను లేదు. ఫోకస్ తప్పే. షట్టర్ బటన్ నొక్కిన ప్రతిసారీ మళ్లీ ఫోకస్ వెతక్కుండా ఎలా?

మూడుకాళ్లు:
మెనూలో షట్టర్ బటన్ నుంచి ఆటోఫోకస్ తీసేసి, వెనకున్న ఏఎఫ్-ఆన్ బటన్‌కి ఇవ్వండి. ఫ్రేమ్ కుదిరాక బొటనవేలితో ఒకసారి నొక్కి వదిలేస్తే ఫోకస్ అక్కడే ఉంటుంది. తర్వాత జూమ్ మార్చారా, మళ్లీ బొటనవేలు. ఫోకస్ రింగ్ కేవలం మోటారుకి సంకేతం పంపే రకం లెన్స్ అయితే, కెమెరా నిద్రపోయి లేచాక కొన్నిటిలో పట్టిన చోటు పోతుంది. ట్రైపాడ్ మీద గంటల తరబడి పనైతే ఆటో పవర్ ఆఫ్ తీసేయండి.